మధ్యలోని ఆరు ఆకులు

1987లో రంగూన్ బోటాటౌంగ్‌లో, రేవు గిడ్డంగుల వెనక వీధిలో నాకు బైండింగ్ కొట్టు ఉండేది. మూడో తరగతితో బడి మానినదాన్ని. పుస్తకాలు చదివింది తక్కువ, కుట్టింది ఎక్కువ. జానెడు దారం కూడా పారెయ్యను.

ఒక ఉదయం అప్పన్న మాస్టారు వచ్చారు. రిటైరై, అక్కడి మన తెలుగువాళ్ల పిల్లలకు ఇంట్లో చరిత్ర చెప్పేవారు. ఆయన చేత్తో రాసుకున్న ఫిలిప్పీన్స్ చరిత్రకు కుట్టు వదిలింది. మళ్లీ కుట్టమన్నారు, మధ్యలో ఆరు ఆకులు మాత్రం కోసెయ్యమన్నారు.

"అందులో ఏటుందో సెప్పకుండా కత్తెట్టను మాస్టారూ" అన్నాను.

మా బర్మాలోనూ అప్పుడు సైన్యాధిపతుల పాలనే, అందుకని గొంతు తగ్గించి చదివారు. అక్కడి అధ్యక్షుడొకాయన, దిగిపోయే గడువు దగ్గరపడుతుంటే సైనిక చట్టం పెట్టి శాసనసభను మూసేశాడట. చాలా ఏళ్లకు ఎన్నిక పెడితే, అంకెలు మారుతున్నాయని ఓట్లు లెక్కించే ఉద్యోగులే లేచి బయటికి నడిచారట. జనం రోడ్లమీద నిలబడ్డాక ఆయన దేశం విడిచిపోయాడట.

"ఇది ఎవుడి కంట్లోనైనా పడితే నా పింఛనీ పోతాది, నీ కొట్టూ పోతాది. కోసెయ్ సూరమ్మా."

నాకూ భయమే. అయినా పుస్తకం విప్పి చూపించాను. మా పనిలో సెక్షన్ అంటే సగానికి మడిచి ఒకదానిలో ఒకటి దూర్చిన కాగితాలు. మడత మీదే కుడతాం. ఒక ఆకు కోస్తే అదే కాగితం రెండో సగానికి పట్టు ఉండదు. ఆ రెండో సగాల్లో ఏముందని అడిగితే, వాళ్ల సెనేట్, సుప్రీంకోర్టు ఎలా ఏర్పడ్డాయో ఉందన్నారు.

"ఇయి కోస్తే అయీ ఊడతాయి. కోసిన మొదళ్లు సూసినోడు, ఏటి తీసేరని అడగడా? ఆ ఓట్ల లెక్కలోళ్లకి నేదా బయం? తప్పుడు పని సెయ్యమంటే సెయ్యనేదు. నానూ సెయ్యను."

మాస్టారు విప్పిన ఆకుల్ని సర్ది నా ముందుకు తోశారు. "నువ్వింకో రెండు కలాసులు సదివుంటే నా ఉద్యోగం నువ్వే సేసేదానివి" అని, కుట్టమన్నారు.

నలిగిన మడతలకు గార్డింగ్ చేశాను, అంటే వెనక పలచని కాగితపు పట్టీ అంటించడం. రెండు పేటల దారంతో కుట్టి ప్రెస్‌లో బిగించాను.

మూడో రోజు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. దాచిన కాగితాలు రాలతాయని ప్రతి పుస్తకాన్నీ వీపు పట్టి దులిపాడు. ఒక లెడ్జర్‌లోంచి పాత రసీదు రాలితే దానికే పది ప్రశ్నలు. మాస్టారి పుస్తకాన్నీ దులిపాడు. ఆ ఆరూ కోసి ఉంటే వాటి రెండో సగాలు రాలేవి, ఇప్పుడు ఏమీ రాలలేదు. ఇదేమిటన్నాడు. ఫిలిప్పీన్స్ చరిత్ర అని ఉన్నమాటే చెప్పాను. పక్కన పడేశాడు.

అతను చదవలేదు కాబట్టే బతికిపోయామని నాకు తెలుసు. అతను చదివి కొట్టు మూయించినా, చెయ్యని పని చెయ్యనని తిన్నగా చెప్పాలన్నదే నేర్చుకునేదాన్ని, కాకపోతే నష్టపోయి నేర్చుకునేదాన్ని. ఆ తరవాత ఆకులు తీసెయ్యమని ఎవరొచ్చినా, కత్తి లేదని అబద్ధం ఆడలేదు. ఉంది, తియ్యనని చెప్పాను.