సవరణ కోసం వచ్చిన సంపాదకుడు

నాకు మొదటిసారి ప్రమాదం తెలిసిన క్షణం ఇది. పొయ్యి మీద పప్పు కుతకుతమంటోంది. కిటికీ బయట నవంబరు చీకటి అప్పుడే దిగింది. మా నాలుగేళ్ళ రిషి వీధి తలుపు పక్కనున్న సన్నటి అద్దానికి ముక్కు ఆనించి, ఎంతో మామూలుగా, “అమ్మా, ఫొటో తాత బయట కూచున్నాడు,” అన్నాడు.

ఫొటో తాత పోయి వందేళ్ళు దాటింది. ఆ పటానికి మధ్యాహ్నమే నా చేతులతో నేను దండ వేశాను.

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథ పూర్తయ్యేసరికి ఒక మనిషి ఆయుష్షు, నా పరువు, రెండూ ప్రమాదంలో పడతాయి. వాటిలో ఒకటే దక్కుతుంది. పిల్లలు పడుకున్నాక, ఇంట్లో లైట్లన్నీ వేసుకుని రాస్తున్నాను. కరెంటు బిల్లు గురించి నన్నెవరూ అడగకండి.

మాది నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్. మా కాలనీ క్లబ్‌హౌస్‌లో ఒక సాయంత్రం ‘పక్కింటి భాషలో పెద్దలు’ అని కార్యక్రమం పెట్టారు. ఎవరి భాష రచయిత గురించి వాళ్ళు మాట్లాడకూడదు, చీటీలు తీసి పంచుకోవాలి. నాకు బెంగాలీ చీటీ వచ్చింది. వీధి చివర ఉండే నా స్నేహితురాలు శర్మిష్ఠ, “మా ముత్తాత గురించి చెప్పు. ఆయన గురించి ఇంకెక్కడా దొరకదు, మా ఇంట్లోనే ఉన్నాడు,” అంది. ఆ మాట అప్పుడు నాకు ముద్దుగా వినిపించింది.

ఆ ముత్తాత తొలితరం బెంగాలీ రచయిత, పాత్రికేయుడు. నది ఒడ్డున చిన్న ఊళ్ళో వారపత్రిక నడిపాడు. వార్తలు ఆయనే రాసేవాడు, సీసపు అక్షరాలు ఆయనే పేర్చేవాడు, అచ్చయిన కాగితాలు భుజాన వేసుకుని సంతకి ఆయనే మోసుకెళ్ళేవాడు. జమీందారు మనుషులు రైతుల్ని కొడితే కొట్టినవాడి పేరుతో సహా వేసేవాడు. ఆడవాళ్ళు రాసిన ఉత్తరాలు వాళ్ళ సొంత పేర్లతో అచ్చువేస్తే ఊరంతా ఉలిక్కిపడిందట. మధ్యమధ్య పిల్లలకి కథలు కూడా రాశాడు.

ఆయన మీద మంట పుట్టిన పక్క ఊరి పత్రిక ఒకసారి ఆయన జ్వరంతో చనిపోయాడని వార్త వేసింది. జనం ఏడుస్తూ మిఠాయి కుండలు పట్టుకుని వచ్చారు. ఆయన మిఠాయి తిని, బూడిదరంగు శాలువా కప్పుకుని, నేరుగా ఆ పత్రిక కచేరీకి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. “నా చావు వార్త ఇక్కడ అచ్చయింది. సవరణ కోసం వచ్చాను. వేసేదాకా కూర్చుంటాను,” అన్నాడు. ఇంకో మాట లేదు. చనిపోయినవాడు అరుగు మీద ఉన్న కచేరీ గడప ఎవరు తొక్కుతారు? చివరికి సవరణ వచ్చింది.

ఈ కథ నాకు ఎంత నచ్చిందంటే, ప్రసంగమంతా దీని చుట్టూ తిప్పుకున్నాను. గిన్నెలు తోముతూ కూడా “సవరణ కోసం వచ్చాను” అని గొంతు మార్చి అనుకునేదాన్ని. ఇంట్లో నేనొక్కదాన్నే పెద్దదాన్ని, మా ఆయన ఆఫీసు పని మీద సన్నీవేల్ వెళ్ళాడు. అలాంటప్పుడు పోయినవాళ్ళ మాటలు గొంతు మార్చి అనకూడదని నేను చదివిన మైక్రోబయాలజీలో ఎవరూ చెప్పలేదు.

శర్మిష్ఠ కార్యక్రమం గ్రూపులో రెండు ఫొటోలు పెట్టింది. మొదటిదాంట్లో ముఖం ఉండాల్సిన చోట చెదలు తినేసిన తెల్లటి మచ్చ, దాని కింద చేతిలో నల్ల గొడుగు మాత్రం చక్కగా ఉంది. రెండోదాంట్లో గొడుగు లేదు కానీ ముఖం స్పష్టంగా ఉంది. చెంపలు, తెల్లమీసం, పంచె, శాలువా. ఎవరైనా ఏది ప్రింటు తీయిస్తారు? రెండోది సేవ్ చేసుకుని, గ్రూపులో సమోసాల మీద చర్చ మొదలవగానే గ్రూపుని మ్యూట్ చేశాను. ఆ మ్యూట్ బటన్‌ని గుర్తుపెట్టుకోండి.

ప్రింటు తెచ్చిన రోజు సాయంత్రం పిల్లలతో ఇంటి వెనక చెరువు చుట్టూ నడుస్తున్నాను. అవతలి గట్టున పంచె కట్టుకుని, శాలువా కప్పుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. మా దగ్గర అది వింత కాదు. పిల్లల దగ్గరికి వచ్చిన తాతలు ఆ చెరువు చుట్టూ గడియారం ముల్లులా తిరుగుతూనే ఉంటారు. వింత ఏమిటంటే వాన లేదు, ఆయన గొడుగు వేసుకుని ఉన్నాడు. రిషి చెయ్యి ఊపాడు.

“అమ్మా, తాతకి ఫేస్ లేదు,” అన్నాడు.

“గొడుగు అడ్డం ఉంది నాన్నా.”

“నో. లేదు.”

చలిగా ఉందని చెప్పి ఇంటికి లాక్కొచ్చాను.

మర్నాడు పటం కట్టి, మాకు రెండు గంటలు వెనక నడిచే చాండ్లర్‌లో ఉన్న మా అక్కకి వీడియో కాల్‌లో చూపించాను.

“ఇదేంటే, పెద్దాయన పటం అలా బోసిగా పెట్టావు?” అంది అక్క. “పోయినవాళ్ళకి దండ వెయ్యక్కర్లేదా? గంధం బొట్టు పెట్టు. ముందు దీపం పెట్టు. వేరేవాళ్ళ పెద్దల్ని పిలుచుకొచ్చి మర్యాద చెయ్యకపోతే బాగోదు.”

“పిలుచుకురాలేదక్కా, ప్రింటు తీయించాను.”

“రెండూ ఒకటే.”

ఇండియన్ స్టోరులో బంతిపూల దండ తెచ్చి వేశాను. గంధం దిద్ది, కుంకుమ పెట్టి, దీపం వెలిగించి, తలుపుకి ఎదురుగా బల్ల మీద పెట్టాను. దీపం వెలుగులో ఆయన కళ్ళు కొంచెం కదిలినట్టు అనిపించింది. గాలి అనుకున్నాను. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

ఇక ఆ సాయంత్రానికి వద్దాం.

రిషి మాట విని అద్దంలోంచి చూశాను. మెట్టు మీద ఒక మనిషి మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. పంచె, బూడిదరంగు శాలువా. ఫోన్ తీసి డోర్‌బెల్ కెమెరా చూశాను. సరిగ్గా అప్పుడే ఆయన తల తిప్పి కెమెరాలోకి చూశాడు. ఆ చెంపలు, ఆ మీసం. నా బల్ల మీదున్న ముఖమే, గంధం బొట్టు ఒక్కటే తక్కువ.

పిల్లలిద్దర్నీ వెనక్కి లాగి, ఫోన్‌లోంచి ఇంగ్లీషులో అడిగాను, “ఎవరండీ?”

“ఎడిటర్‌ని,” అన్నాడు ఆయన.

“ఏం కావాలి?”

“నా చావు వార్త మీ ఇంట్లో అచ్చయింది. సవరణ కోసం వచ్చాను. వేసేదాకా కూర్చుంటాను.”

నేను ఫోన్‌ని పప్పులో పడేయకపోవడం నా జీవితంలోని గొప్ప విజయాల్లో ఒకటి. అక్కకి కాల్ చేశాను. అక్కకి ధైర్యం ఎక్కువ, ఎందుకంటే చాండ్లర్‌లో ఇంకా ఎండ కాస్తోంది.

“నైన్ వన్ వన్‌కి చెయ్యనా?” అన్నాను.

“ఏమని చెప్తావు? దండేసినాయన మెట్టు మీద కూచున్నాడనా? ముందు నిన్ను తీసుకెళ్తారు.”

“పిల్లలు ఇంట్లో ఉన్నారక్కా. వాళ్ళకేమన్నా అయితే?”

“అందుకే గొడవ పడకు. సవరణేగా అడిగాడు? రాసిచ్చి పంపించెయ్.”

“అక్కా, నేను చదువుకున్నదాన్ని.”

“ఏం చదివావు? కంటికి కనపడనివి ఉన్నాయనేగా నీ డిగ్రీ?”

మా ఏడేళ్ళ మేఘన స్కూలు బ్యాగులోంచి గులాబీరంగు కాగితం, ఆకుపచ్చ క్రేయాన్ తీశాను. ‘మా ఇంట్లో తమరు మరణించినట్టు వెలువడిన ప్రకటన పొరపాటు. చింతిస్తున్నాము’ అని ఇంగ్లీషులో రాశాను.

“అమ్మా, ఎవరికి సారీ కార్డు?” అంది మేఘన.

“పెద్దాయనకి.”

“నువ్వేం చేశావు?”

“ఇంకా తెలీదమ్మా.”

కాగితాన్ని తలుపు కిందనుంచి బయటికి తోశాను. కెమెరాలో చూస్తే ఆయన దాన్ని తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. జేబులోంచి పెన్ను తీసి ఏదో గీశాడు. కాగితం తలుపు కిందనుంచి లోపలికి వచ్చింది. ‘చింతిస్తున్నాము’ ముందు ‘మిక్కిలి’ అని చేర్చి ఉంది. ఒక కామా కూడా పెట్టాడు.

“ఏం చేశాడే?” అంది అక్క.

“ప్రూఫు దిద్దాడు.”

అవతల అక్క లేచి లైట్లు వేస్తున్న చప్పుడు వినిపించింది. చాండ్లర్‌లో కూడా పొద్దు వాలిందేమో.

శుద్ధప్రతి రాయడానికి బల్ల దగ్గరికి వెళ్ళాను. రెండు కాగితాలు పాడుచేశాను. మూడోది పూర్తి చేసి తలెత్తితే మేఘన ఒక్కతే ఉంది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. చల్లగాలికి దీపం ఆరిపోయింది.

“తమ్ముడేడీ?”

“తాత దగ్గరికి వెళ్ళాడు,” అంది మేఘన.

ఆ తర్వాత నేను నడిచానో ఎగిరానో తెలియదు. చేతిలో పప్పుగరిటె ఎప్పుడు వచ్చిందో అసలే తెలియదు. మెట్టు మీద రిషి ఆయన పక్కన కూర్చుని, చేప ఆకారం బిస్కెట్లు ఒకటి తనకి, ఒకటి ఆయనకి పంచుతున్నాడు. చీకట్లో ఇద్దరూ ఒకే లయలో నములుతున్నారు. నేను గరిటె పైకెత్తి, ఆయన చెయ్యి పట్టుకుని నా బిడ్డ దగ్గరనుంచి బలంగా లాగాను.

ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

అంత వెచ్చటి చెయ్యి నేను ఎప్పుడూ పట్టుకోలేదు. వదలడం కూడా మర్చిపోయాను. అదే సమయానికి శర్మిష్ఠ కారు వచ్చి ఆగింది.

“సారీ సుధా, స్విమ్మింగ్ క్లాస్ లేట్ అయింది. నాన్న నిన్ను ఇబ్బంది పెట్టలేదు కదా? గ్రూపులో మెసేజ్ పెట్టానుగా, ఆయన్ని నీ దగ్గర దింపుతానని.” అంటూనే ఆమె చూపు నన్నూ, గరిటెనూ దాటి, తెరిచిన తలుపులోంచి బల్ల మీదకి వెళ్ళింది. దండ, గంధం, కుంకుమ, ఆరిన దీపం. “సుధా,” అంది మెల్లగా, “అది మా నాన్న.”

గ్రూపు తెరిచాను. సమోసాల కింద పాతుకుపోయి రెండు మెసేజ్‌లు. ‘రెండో ఫొటో మా నాన్నది, ఒకప్పుడు నాటకంలో ముత్తాత వేషం వేశాడు, బట్టలు ఎలా ఉండేవో తెలుస్తుందని పెట్టాను.’ ఇంకొకటి, ‘నాన్న ఇండియానుంచి దిగాడు. రేపటి కార్యక్రమం కోసం మళ్ళీ ఆ వేషంలోనే ఉన్నాడు. స్విమ్మింగ్ క్లాస్ అయ్యేదాకా సుధ దగ్గర దింపుతాను.’

నేను బతికున్న మనిషికి దండ వేశాను. ఎదురుగా నిలబడిన మనిషికి. ఆయనకి ఎనభై దాటింది, గుండెకి ఒకసారి ఆపరేషన్ అయింది. మా ఇళ్ళల్లో దీనికి ఏ క్షమాపణా సరిపోదు. నాకు ఏడుపొచ్చింది.

“అంకుల్, మీకు నా వల్ల ఏదైనా అయితే,” అని అక్కడే ఆగిపోయాను.

“ఏమీ కాదమ్మా,” అన్నాడు ఆయన. “బెల్ కొట్టబోతూ అద్దంలోంచి చూశాను, లోపల నేను పోయి ఉన్నాను. మా తాత కథ గుర్తొచ్చింది. అలాంటి అవకాశం నటుడికి జీవితంలో ఒక్కసారే వస్తుంది. ఎలా వదులుకుంటాను? మా ఊళ్ళో పుకారుగా పోయినవాడు ఇంకా గట్టిగా బతుకుతాడంటారు.”

“మా దగ్గరా అంతే అంకుల్,” అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

“మా తాతకి మిఠాయైనా ఇచ్చారు. మీరు టీ కూడా ఇవ్వలేదు.”

లోపలికి పిలిచి, దండ తీసి, టీ పెట్టాను. ఆయన తన పటం మీద గంధం తానే తుడుచుకున్నాడు. శర్మిష్ఠ నవ్వు ఆపుకోలేక సోఫా దిండులో ముఖం దాచుకుంది. అంతా చక్కబడింది అనుకుంటూ, మాటవరసకి అన్నాను, “నిన్న చెరువు దగ్గర మిమ్మల్ని చూశాం అంకుల్. వానలేకపోయినా గొడుగు వేసుకున్నారు. అప్పుడే అడగాల్సింది.”

ఆయన కప్పు కింద పెట్టాడు. “నేను దిగింది ఈ మధ్యాహ్నం,” అన్నాడు. “నిన్న ఈపాటికి ఆకాశంలో ఉన్నాను. నా దగ్గర గొడుగు లేదమ్మా.”

ఎవరో తాత అయ్యుంటాడని శర్మిష్ఠ అంది. అవునవునని అందరం చాలాసేపు అనుకున్నాం. వాళ్ళని ఇంటిదాకా సాగనంపడానికి పిల్లల్ని నా కారెక్కించుకుని, శర్మిష్ఠ కారుకి ముందు నేనే దారి తీశాను. చెరువు పక్కనుంచి కాకుండా చుట్టుదారిన వెళ్ళాను.

పొద్దున్న చెదలు తిన్న ఫొటోకి ప్రింటు తీయించుకొచ్చి, కార్న్‌ఫ్లేక్స్ తింటున్న పిల్లల ముందు నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి గంభీరంగా ప్రకటించాను. “ఇకమీదట మన ఇంట్లో ఎవరి ఫొటోకైనా దండ వేసేముందు వాళ్ళకి ఫోన్ చెయ్యాలి. ఎత్తితే దండ వెయ్యకూడదు. ఇది రూల్.”

“ఎత్తకపోతే?” అంది మేఘన.

“వాయిస్ మెయిల్ పెట్టి ఒక రోజు ఆగాలి.”

రిషి కొత్త ఫొటో కేసి చూస్తున్నాడు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చని, దాని కింద గొడుగుని వేలితో తడిమాడు.

“అమ్మా, పాండ్ దగ్గర తాత ఇదే. ఈ తాతకి ఫోన్ చేద్దామా?”

ఫ్రిజ్‌లో దాచిన బంతిపూల దండ తీశాను. “వద్దు నాన్నా,” అన్నాను. “ఈయన ఎత్తినా సరే, వేసేద్దాం.”