అడిగినా బెల్లం పెట్టొద్దన్నాను

ఆ రోజు నేను సూదిలోకి దారం ఎక్కించలేకపోయాను. బోధన్‌లో నాది టైలరు దుకాణం. మీసం మొలవకముందు నుంచీ చేస్తున్న పని. దారం కొస తడిచేశాను, గడప దాకా జరిగి వెలుతురులో పట్టి చూశాను. సూది బెజ్జం ఒకసారి రెండుగా, ఒకసారి అసలు లేనట్టుగా కనిపించింది. ప్యాంటు కొలతలకు వచ్చిన మనిషి చివరికి సూది నా చేతిలోంచి తీసుకుని తానే ఎక్కించాడు.

"లింబాద్రన్నా, అద్దాలు మార్పిచ్చుకోరాదు? రేపు నా ప్యాంటుకు మూడు కాళ్ళు కుట్టేటట్టున్నవ్" అన్నాడు.

నవ్వాను గాని లోపల బెదిరాను. నా బెదురు బట్టల గురించి కాదు. నేను ఏడో తరగతిలో బడి మానేశాను. తర్వాతి చదువంతా మా ఊరి గ్రంథాలయంలోనే. రోజూ సాయంత్రం అక్కడ కూర్చుంటాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పత్రికలు కూడా చదవడం నేర్చుకున్నాను. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నానన్న గర్వం ఉంది, దాచను. ఆ సాయంత్రం అక్కడికి వెళ్ళి పుస్తకం తెరిస్తే అక్షరాలు నీళ్ళలో పడినట్టు కదిలాయి. మూసి వచ్చేశాను.

కొత్త అద్దాలు తీసుకున్నాను. కొన్నాళ్ళు బాగానే ఉంది. మళ్ళీ మసక. రెండోసారి వెళ్తే అద్దాల దుకాణం ఆయన చాలాసేపు పరీక్ష చేసి, నా ముఖం చూశాడు.

"మొన్నటి నంబరు వేరే, ఇయ్యాల్టి నంబరు వేరే. కన్ను గిట్ల మారదు. ఇంకో జత అమ్ముకుంటే నాకే ఫాయిదా గని, నువ్వు ముందుగాల షుగర్ చూపిచ్చుకో."

నిజామాబాద్ వెళ్ళాను. ఫాస్టింగ్, పోస్ట్ లంచ్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అన్నీ చేశారు. రిపోర్టులు చూసిన డాక్టరమ్మ, "ఇది ఇవ్వాళ మొదలైంది కాదు లింబాద్రి గారూ. చాలా రోజులుగా మీకు తెలియకుండానే ఉంది" అన్నారు. కళ్ళలో చుక్కలు వేసి ఫండస్ పరీక్ష చేయించారు. "రెటీనాలో చిన్న మార్పు మొదలైంది. మసకకు కారణం అది కాదు, షుగర్ దిగితే మసక పోతుంది. కానీ ఆ మార్పు ముదరకుండా చూసుకోవాలి. షుగర్ అదుపులో ఉంటే అక్కడే ఆగే అవకాశం ఎక్కువ. లేకపోతే..." ఆమె ఆ మాట పూర్తి చేయాల్సిన అవసరం నాకు లేకపోయింది. కళ్ళు లేకపోతే పుస్తకం లేదు.

మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ రాశారు. ఉదయం టిఫిన్‌కు ముందు వేసుకోమన్నారు. రోజూ ఒళ్ళు చెమట పట్టేలా నడవమన్నారు.

ఇంటికి రాగానే నా భార్య గంగమణి వంటింట్లో ఉన్న బెల్లం, చక్కెర మూటగట్టి ఆడపడుచు ఇంటికి పంపేసింది. "గీ ఇంట్ల ఇగ తీపి మాట ఇనబడొద్దు" అంది. చెరకు పండే ఊళ్ళో బెల్లం లేని ఇల్లు మాదొక్కటే అయింది.

మందులు సరిగానే వేసుకున్నాను. నడకే నా వల్ల కాలేదు. ఉదయం నడిచేవాళ్ళతో కలిస్తే వాళ్ళు భూముల ధరలు మాట్లాడతారు. ఒంటరిగా నడిస్తే, ఇంత సమయంలో ఎన్ని పేజీలు చదివేవాణ్ణో అనిపిస్తుంది. ఏదో సాకుతో మానేసేవాణ్ణి.

అలాంటప్పుడు గ్రంథాలయంలో, మసక తగ్గిన కళ్ళతో, ఒక ఇంగ్లీషు పత్రికలో డిస్క్ గోల్ఫ్ అనే ఆట గురించి చదివాను. పళ్ళెం లాంటి ప్లాస్టిక్ డిస్కును దూరంగా ఉన్న ఇనుప బుట్టలోకి విసరాలి. బుట్ట మీద గొలుసులు వేలాడుతుంటాయి. డిస్కు వాటికి తగిలి కింద బుట్టలో పడుతుంది. ఎన్ని తక్కువ విసుర్లలో అన్ని బుట్టలూ పూర్తి చేస్తే అంత గొప్ప. దీన్నే పరుగెత్తుతూ ఆడే పద్ధతి కూడా ఉందట. విసుర్లు, పట్టిన నిమిషాలు రెండూ కలిపి లెక్క వేస్తారు. ఆ పేజీ నన్ను పట్టుకుంది. పరుగు కోసం పరుగెత్తడం కాదు, డిస్కు ఎక్కడ పడిందో చూడ్డానికి పరుగెత్తడం!

నా దుకాణం పక్కనే ఖాదర్ భాయ్ వెల్డింగ్ షాపు. ఆయనకు నాకంటే ముందే షుగర్. వెళ్ళి చెప్పాను.

"అంటే పళ్ళెం ఇసిరి దాని ఎంబడి మనమే ఉరకాల్నా?" అన్నాడు.

"గంతే."

"అరె, అది కుక్కలాడే ఆట గదా భాయ్!"

"కుక్కలకు షుగర్ ఎన్నడన్న జూసినవా?"

ఖాదర్ భాయ్ వెల్డింగ్ అద్దాలు నొసటి మీదికి తోసి పగలబడి నవ్వాడు. మర్నాటికి మొదటి బుట్ట తయారు. పైన పాత సైకిల్ రిమ్ము, దాని నుంచి వేలాడే సైకిల్ చైన్లు, కింద జాలీ వేసిన ఇంకో రిమ్ము. మొదట రంగు డబ్బాల మూతలతో ఆడాం. అవి గాలికి ఎటు పోవాలనిపిస్తే అటు పోయేవి. తర్వాత అసలు డిస్కులు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాం. డాక్టరమ్మను అడిగితే ఈసీజీ తీయించి, పాదాలకు స్పర్శ ఉందో లేదో చూసి, "ఆడండి. షూ లేకుండా మాత్రం వద్దు" అన్నారు.

ఇక స్థలం. ఎడపల్లి వైపు, కాలువ కింద చెరకు వేసే వెంకటరత్నం గారు నా పాత గిరాకీ. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆయన బెల్లం గానుగ పక్కన ఒక చేను చెక్క ఖాళీగా ఉంది.

"మీ ఆటేంటో నాకు అర్థం కాలేదు గానీ మాస్టారూ, మనుషులు తిరుగుతా ఉంటే చేలోకి పందులు రావు. ఆడుకోండి" అన్నారు.

అలా మొదలైంది. తెల్లవారగానే ఇద్దరం సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళం. గట్టు మీద ఒక బుట్ట, కాలువ మలుపులో ఒకటి, గానుగ దగ్గర ఆరబోసిన చెరకు పిప్పికి అవతల ఒకటి. డిస్కు సరిగ్గా వెళ్ళి గొలుసుల్ని తాకినప్పుడు వచ్చే గలగల వింటే, యాభైకి దగ్గర పడ్డవాణ్ణి, ఎగిరి గంతేసేవాణ్ణి. ఖాదర్ భాయ్ విసురు ఎప్పుడూ ఎడమకే పోతుంది. "నమాజు జేసే ఖిబ్లా దిక్కు పోతున్నది, నేనేం జెయ్య" అనేవాడు. పరుగెత్తుతూ నవ్వడం కష్టం. మేము ఆ కష్టం రోజూ పడ్డాం.

చిక్కల్లా గానుగ దగ్గరే వచ్చింది. చెరకు ఆడే కాలంలో పెనం దించిన వేళ అక్కడున్న ఎవరినీ నోరు తీపి చేయకుండా పంపరు. చెరకు ముక్కకు వేడి బెల్లం చుట్టి చేతిలో పెడతారు. వద్దంటే వాళ్ళకు చిన్నతనం. మొదటి రోజు నేను వద్దంటే పొయ్యి మండించే పెద్దమనిషి ముఖం తిప్పుకున్నాడు. రోజూ ఈ బాధ ఎందుకని, మర్నాడు అందర్నీ పిలిచి గట్టిగా చెప్పాను.

"నాకు షుగర్ ఉన్నది. కండ్లు పోతయని డాక్టర్ చెప్పింది. ఈ వాసనకు మనసు ఆగక నేనే అడుగుతనేమో. అడిగినా పెట్టకుండ్రి. ఒట్టెయ్యుండ్రి."

వెంకటరత్నం గారు గానుగ మీద చెయ్యి వేసి, "మీరు కాళ్ళు పట్టుకున్నా పెట్టం మాస్టారూ" అని ఒట్టు వేశారు. పనివాళ్ళూ వేశారు. నేను పొంగిపోయాను.

మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ బాగా దిగింది. "ఏం చేశారు మీరు?" అని డాక్టరమ్మ అడిగితే డిస్కు సంచీలోంచి తీసి చూపించాను. కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. రోజూ ఎన్ని బుట్టలు, ఎంత పరుగు అన్నది ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ తర్వాతి శనివారం నాకు ఒక్కపొద్దు. ఎప్పటి నుంచో ఉన్న అలవాటు, రాత్రి దాకా అన్నం ముట్టను. ఇంతకాలం శనివారాలు ఆటకు వెళ్ళేవాణ్ణి కాదు. ఆ రోజు ఒంట్లో హుషారుగా ఉండి వెళ్ళాను. ఒక్కపొద్దు అన్నానికే గాని మందుకు కాదు కదా అని గోలీలు మాత్రం వేసుకున్నాను. చక్కెర లేని చాయ్ తాగి బయల్దేరాను.

మొదటి బుట్టలు ఎన్నడూ లేనంత వేగంగా పూర్తి చేశాను. ఖాదర్ భాయ్ వెనకబడ్డాడు. కాలువ మలుపు దాటాక చేతులు వణికాయి. డిస్కు పోయి కాలువలో పడింది. నాకు విపరీతమైన కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. చొక్కా తడిసి ముద్దయింది. గుండె దడదడ. ఒళ్ళంతా ఒక్కటే కోరిక, తీపి కావాలి. గానుగ దగ్గరికి తూలుతూ వెళ్ళాను. అప్పుడే పెనం దించారు.

"బెల్లం... బెల్లమియ్యుండ్రి" అన్నాను.

వెంకటరత్నం గారు నవ్వారు. "చూశారా, ఈయన అన్నంత పనీ చేశాడు! ఇవ్వనండీ."

"ఇయ్యుండ్రి అంటున్న గదా!" అని అరిచాను.

"మీరే ఒట్టేయించుకున్నారుగా మాస్టారూ. కళ్ళు పోతాయి మీకు." ఆయన బెల్లం పళ్ళెం తీసి వీపు వెనక దాచారు. పొయ్యి దగ్గరి పెద్దమనిషి నాకు అడ్డంగా నిలబడ్డాడు. చుట్టూ బస్తాలకొద్దీ బెల్లం. నేను పిప్పి మీద కూలబడ్డాను. ఏదో మాట్లాడుతున్నాను గాని నా మాట నాకే అర్థం కావడం లేదు.

అప్పుడు ఖాదర్ భాయ్ వచ్చాడు. నా చెమట, వణుకు చూశాడు.

"తిన్నడా ఏమన్న పొద్దుగాల?"

"ఒక్కపొద్దంట" అన్నాడు నా గొణుగుడు విన్న పెద్దమనిషి.

"యా అల్లా! రసమియ్యుండ్రి, జల్ది!"

"షుగర్ ఉన్నాయనకి చెరకు రసం పోస్తారా? ఒట్టు వేశామయ్యా!" అన్నారు వెంకటరత్నం గారు.

"నీ ఒట్టు నా నెత్తిమీద ఏసుకుంట సారూ. షుగర్ పడిపోయింది ఈయనకు. తీపి వడకపోతే మనిషే వోతడు!" అని ఆయనే గానుగ కింది బిందెలో గ్లాసు ముంచి, నా తల పట్టుకుని కొంచెం కొంచెం తాగించాడు. కాసేపటికి చెట్లు చెట్ల లాగా, మనుషులు మనుషుల లాగా కనిపించారు. నేను మొదట అన్న మాట, "డిస్కు కాలువల వడ్డది" అని.

"పడనీ. నువ్వు పడకుంటే సాలు" అన్నాడు ఖాదర్ భాయ్.

అదే రోజు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. "దీన్ని హైపోగ్లైసీమియా అంటారు. షుగర్ ఎక్కువైతే ఏళ్ళ తరబడి పాడుచేస్తుంది. మరీ తక్కువైతే నిమిషాల్లో పడేస్తుంది. ఖాళీ కడుపు, పరుగు, పైన గ్లిమిపిరైడ్. ఉపవాసం ఉండొచ్చా అని నన్ను అడగొద్దా?"

"రంజాన్ రోజాలకు ముందు నేనడిగిన గదా మేడం. గోలీలు ఎట్ల మార్చుకోవాల్నో మీరే చెప్పిండ్రు" అన్నాడు ఖాదర్ భాయ్, నా వైపు చూడకుండా.

నేను షుగర్ మీద గ్రంథాలయంలో ఉన్నదంతా చదివానని చెప్పుకునేవాణ్ణి. ఎక్కువైతే ఏమవుతుందో ఉన్న పేజీలు మళ్ళీ మళ్ళీ చదివాను. తక్కువైతే ఏమవుతుందో ఉన్న పేజీ తిప్పేశాను. తక్కువ కావడమే కదా మనకు కావలసింది అనుకున్నాను.

డాక్టరమ్మ గ్లిమిపిరైడ్ ఆపేశారు. గంగమణి డిస్కులు అటక మీద పెట్టి నిచ్చెన పక్కింటికి ఇచ్చేసింది. "ఇగ ఆ పళ్ళాల పేరెత్తినవంటే చూడు. నువ్వు సదువుకుంట కూసున్నా మంచిదే, ఉరుక్కుంట సచ్చుడు వద్దు."

మళ్ళీ నడక మొదలు. మళ్ళీ సాకులు. తర్వాతి పరీక్షలో షుగర్ కొంచెం పెరిగింది. ఆ రోజు గంగమణి కూడా వచ్చింది. డాక్టరమ్మ నాతో మాట్లాడలేదు, ఆమెతోనే మాట్లాడారు.

"అమ్మా, ఆట ఆపకండి. ఆ ఆటే ఈయనకు మందు. ఈయన్ని పడేసిన గోలీ తీసేశాను. తిని వెళ్ళాలి, జేబులో తీపి ఉండాలి, పక్కన తెలిసిన మనిషి ఉండాలి. అంతే."

షుగర్ పడిపోతే ఎలా గుర్తుపట్టాలో, ఏం చేయాలో గంగమణి ఆమెను గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకుంది. బోధన్‌లో దిగాక కిరాణా దుకాణం ముందు ఆగి, బెల్లం కొంది. మా ఇంట్లోకి బెల్లం రావడం మళ్ళీ అప్పుడే. మర్నాడు నాతోపాటు ఆటోలో గానుగ దాకా వచ్చింది. వెంకటరత్నం గారు ఆమెను చూసి లేచి నిలబడ్డారు.

"తప్పయిపోయిందమ్మా. ఒట్టు వేశాం కదా అని..."

"మీరు ఒట్టు మంచిగనే నిలబెట్టుకున్నరు సారూ. మనిషే నిలబడకపాయె" అంది. ఆయన తల దించుకుంటే తానే నవ్వేసింది. "ఉత్తగ అడిగితే ఇయ్యకుండ్రి. చెమటలు వట్టి, వణుక్కుంట, తిక్క తిక్క మాట్లాడితె మాత్రం ముందు నోట్ల పెట్టుండ్రి, తర్వాత అడుగుండ్రి. తెలివి తప్పితె నోట్ల ఏం పొయ్యకుండ్రి, దవాఖానకు ఉరుకుండ్రి. గీ రెండూ కలిపి ఒట్టెయ్యుండ్రి."

"ఈయన రోజూ తిక్కగానే మాట్లాడతాడు గదమ్మా, ఎట్టా తెలిసేది?" అన్నారు వెంకటరత్నం గారు. గానుగ దగ్గర అందరూ నవ్వారు. ఒట్టు మాత్రం వేశారు.

ఇప్పటికీ ఆడుతున్నాం. చెక్కలో చెరకు వేశాక బుట్టలు కాలువ గట్టు మీదికి మారాయి. శనివారం ఒక్కపొద్దు ఉంటున్నాను, కానీ ఆ రోజు ఆట లేదు, మందు ఎలా వేసుకోవాలో అడిగి తెలుసుకున్నాను. మొన్నటి ఫండస్ పరీక్షలో మార్పు ముదరలేదన్నారు. సూదిలోకి దారం మొదటిసారికే ఎక్కుతోంది, నిఘంటువులోని సన్న అక్షరాలు కదలకుండా నిలబడుతున్నాయి. నా చొక్కాలన్నిటికీ లోపలి వైపు చిన్న జేబు కుట్టుకున్నాను. మొదట్లో బెల్లానికి చీమలు పట్టి ఖాదర్ భాయ్ ముందు చొక్కా విప్పి గంతులేశాను. ఇప్పుడు చిన్న డబ్బీలో పెడుతున్నాను. నేను బయల్దేరేటప్పుడు గంగమణి ఆ జేబు బయటి నుంచే తడిమి చూస్తుంది.

షుగర్ ఉండి మందు వేసుకునే తోటి పాఠకులకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మనకు తీపి పెట్టొద్దని ఇంట్లో, దుకాణంలో, ఆడే చోట అందరికీ చెబుతాం. అది సగం మాటే. తీపి పెట్టొద్దని చెప్పిన నోటితోనే, తీపి ఎప్పుడు పెట్టి తీరాలో కూడా చెప్పి ఉంచండి.