చిన్‌లింగ్ కొండ మీద ఏసీ

ఇవాళ ఈ ఎడారి నగరంలో, అబూ హమూర్ వీధుల్లో నడుస్తుంటే ఎవరిదో ఏసీ నీటిచుక్క నెత్తిన పడింది. చల్లగా తగలగానే నవ్వొచ్చింది.

చిన్నప్పుడు ఇదే నగరంలో ఉమ్ ఘువైలినా పేటలో ఉండేవాళ్ళం. స్కూలు ఎగ్జిబిషన్‌లో నమూనా చేయడానికి నాకు చైనాలోని చిన్‌లింగ్ పర్వతాలు వచ్చాయి. అమ్మ చపాతీ పిండితో పళ్ళెంలో కొండ నిలబెట్టింది. డ్యూటీ నుంచి వచ్చిన నాన్న బట్టలైనా మార్చుకోకుండా దాని నెత్తిన నీళ్ళు పోశాడు.

"చూడమ్మా, ఉత్తరానికి జారినవి వెయ్ నదిలో పడి ఎల్లో రివర్‌కి పోతాయి. దక్షిణానికి జారినవి హాన్ నదిలో పడి యాంగ్జీకి."

"మరి కొండ మీద ఏసీ ఎవరు పెట్టారు నాన్నా?" అన్నాను. అప్పటికి నేను నదిని చూసి ఎరగను. మా వీధిలో పారే నీళ్ళంటే ఏసీల కింద కారేవే.

అమ్మ పడీపడీ నవ్వింది. నాన్న నవ్వలేదు.

"యల్లా, ఇక పదండి! ఈ వేసవికి ఊరెళ్ళాల్సిందే. దీనికి గోదారి చూపించాలి."

చూపించాడు. పొద్దున్నే రేవులో దింపితే నీళ్ళు జివ్వుమన్నాయి.

"చూశావా నాన్నా, ఏసీవే!" అని అరిచాను.

నాన్న పకపకా నవ్వుతూ తడి గౌనుతోనే నన్ను ఎత్తుకుని, ఎంతసేపటికీ దించలేదు. నదినే ఎరక్కుండా నన్ను పెంచానే అన్న బాధ ఆ నవ్వు కింద ఉందని పెద్దయ్యాకే తెలిసింది.