వంకర గిన్నెల మేస్త్రి

బావగారి కార్ఖానాలో ఇరవై ఏళ్లు కుర్చీకాళ్లు తరిమెన పట్టాడు మేస్త్రి. తిరిగే చెక్కకు ఉలి ఆనించి నున్నగా గుండ్రం తీయడం ఆయన పని. నాలుగు కాళ్లలో వెంట్రుకవాసి తేడా వచ్చిందా, బావ నోటికి పని దొరికేది.

ఒకసారి రోడ్డు వెడల్పు చేస్తూ కొట్టేసిన చెట్టు మొద్దు తెచ్చుకుని, ఆరకుండానే తరిమెనకెక్కించాడు. పచ్చి చెక్క వెన్నలా తెగింది. ముఖాన నీళ్లు చిమ్మింది. బల్బు వెలుగు అవతలికి కనిపించేంత పల్చగా గిన్నె తొలిచి, అటక మీద పెట్టి మరిచిపోయాడు. నెల తర్వాత చూస్తే అంచంతా అలలు తిరిగి ఉంది. ఎక్కడా పగల్లేదు. ఆ పూట మేస్త్రికి ఆకలి గుర్తుకు రాలేదు.

"ఇదేం గిన్నె బావమరిదీ? ఎవరో చెవి మెలిపెట్టినట్టుంది!"

"వంకర కాదు బావా, అది దాని నడక."

"బల్ల మీద కుదురుగా కూర్చోడమే రాదు, మళ్లీ నడకా!"

పనివాళ్లంతా గొల్లుమన్నారు. వంకర గిన్నెల మేస్త్రి అన్న పేరు ఆ రోజే అతుక్కుంది. ఏ చెక్క ఎటు తిరుగుతుందో తెలుసుకోవడానికి ఆయన ఎన్ని గిన్నెలు పగలగొట్టుకున్నాడో లెక్కలేదు. గిన్నె కొన్న ఒకామె తిరిగొచ్చి అంచు చదును చేయమంది. "చెయ్యి మరి," అన్నాడు బావ. పళ్లు బిగపట్టి తన చేతులతోనే అరగదీశాడు.

ఆయనకు అరవై దాటాక, ఆ గిన్నెల పేరు విని ఒక పెద్ద దుకాణం వాళ్లు వచ్చారు. అచ్చం ఒకేలాంటివి రెండొందలు కావాలన్నారు.

"ఒకేలా రావండీ. అది చెక్క ఇష్టం," అన్నాడు మేస్త్రి.

బావ ఆయన కాలు తొక్కాడు. తరువాత ఎండు చెక్కను మిషను మీద అలలుగా కోయించి, మేస్త్రి పేరు మీదే పంపేశాడు. జనం ఎగబడి కొన్నారు.

ఒకరోజు కూతురితో ఆ దుకాణానికి వెళ్లి మేస్త్రి ఒక గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. ఇటుకంత బరువు.

"జాగ్రత్త తాతగారూ, పేరున్న మేస్త్రి పనితనం అది. ఆయన పోయి కూడా చాలా కాలమైందంట," అంది అమ్మే పిల్ల.

బయటికొచ్చాక కూతురు, "ఆ మేస్త్రి నేనేనని చెప్పొచ్చుగా నాన్నా!" అంది.

"ఏమని చెప్పను? ఈ దరిద్రం నా చేతిదేననా?"

మర్నాడు కూతురే పచ్చి మొద్దు తెచ్చి నేర్పమంది. ఆయన చేతులకు అప్పటికే వణుకు.

"ఎంత పల్చగా తొలవాలి?"

"చాలనిపించేదాకా."

"చాలనిపించేలోపే పగులుతోంది నాన్నా!"

ఆరు పగిలాయి. నలభై ఏళ్లు చేసిన పనిని నాలుగు మాటల్లో చెప్పడం చేతకాక ఆయన తన మీద తానే విసుక్కున్నాడు. ఏడోది నిలిచింది. నెల ఆరాక దాని అంచు పక్కకు ఒరిగి, ఆయన ఎన్నడూ చూడని మెలిక తిరిగింది.

"ఇదెలా చేశావే?"

"ఏమో, తెలీదు."

మేస్త్రికి ఒళ్లు మండింది. గిన్నెను మాత్రం కింద పెట్టలేదు.

"నా ఎదురుగా ఇంకోటి చెయ్యి," అన్నాడు.

అదీ పగిలింది.