ఉపమాకలో వదిలొచ్చిన నలుపు

ఉపమాక వెళ్లాలనుకునేవాళ్లు నర్సీపట్నంలో ఆరు గంటల బస్సు ఎక్కండి. ఆ తర్వాతి బస్సు నిండా కాలేజీ పిల్లలే, సీటు దొరకదు. మేం ఆ తర్వాతి బస్సే ఎక్కాం. కారణం మా సూరిబాబు మావయ్య. అద్దం ముందు నుంచి కదిలితేనా!

మోకాలి నొప్పి తగ్గితే తలనీలాలు ఇస్తానని ఆయన ఉపమాక వెంకన్నకు మొక్కి చాలా ఏళ్లయింది. నొప్పి తగ్గింది. మొక్కు మాత్రం ఏటా పై ఏటికి వాయిదా పడుతూ వచ్చింది. అసలు అడ్డం జుట్టే. ప్రతి ఆదివారం రంగేసి దాన్ని ఎంత నల్లగా చేశాడంటే, ఓసారి కాకి ఒకటి చుట్టమనుకొని భుజం మీద వాలింది. నేను కళ్లారా చూశాను. గుండు చేయిస్తే మళ్లీ మొలిచేది తెలుపే. ఊరందరికీ చెప్పుకున్న యాభై ఐదేళ్ల వయసు కాస్తా అబద్ధమని బయటపడుతుంది. ఈ ఏడు మోకాలు మళ్లీ పట్టేసింది.

"దేవుడు గుర్తు సేత్తన్నాడు, బేగెళ్లండి" అని అత్తయ్య నన్ను తోడిచ్చి పంపింది.

"మూడు కత్తెర్లిస్తే సాలదేటిరా అల్లుడూ?" బస్సు కదలగానే అడిగాడు మావయ్య.

"అది ఆడవాళ్లకి మావయ్యా."

ఇంతలో ఒక కాలేజీ అమ్మాయి లేచి, "తాతగారూ, కూకోండి" అంది.

"తాతెవరమ్మా ఇక్కడ? నువ్వే కూకో!" అని అడ్డరోడ్డు దాకా కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు. అక్కడ వేడి ఇడ్లీ, అల్లం చట్నీ తిన్నాం. ఇంకో బస్సులో నక్కపల్లి, అక్కణ్నుంచి ఆటోలో ఉపమాక చేరేసరికి పది.

గుండు గీసేచోట మావయ్య తల మీద నీళ్లు పోయగానే కాలువ నల్లగా పారింది. గీసే అతను కత్తి ఆపి, "బాబూ, ఇది జుట్టా, రోడ్డుకేసే తారా?" అన్నాడు. మావయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అంతా అయ్యాక తల తడుముకుని కళ్లు తెరిచాడు. చుట్టూ గుండ్లే. చంటిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరి తలలకూ గంధమే. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఒరే, ఇందులో నా వయసెంతో ఎవడు సెప్పగలడు? నెలనెలా వొచ్చేద్దారి!"

దర్శనం చేసుకుని, పులిహోర ప్రసాదం తిని, మూడింటికి అడ్డరోడ్డులో తిరుగు బస్సు ఎక్కాం. కిటకిటలాడుతోంది. ఈసారి ఎవరూ లేవలేదు. గుండు చూసి వయసు చెప్పడం ఎవరివల్ల అవుతుంది? పావుగంటకే మావయ్య మోకాలు మళ్లీ పట్టేసింది. ఎదురు సీట్లో ఒళ్లో బైబిలు పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నారు. మావయ్య నావైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"మోకాలు బాగోనేదండీ. కాస్త సీటిస్తారా?"

"మీకెంతేటండి?"

మావయ్య గుండు తడుముకున్నాడు. "అరవై ఏడండి."

ఆ అంకె ఆయన నోట వినడం నాకదే మొదలు.

"నాకు అరవై తొమ్మిదండి" అన్నారు పెద్దాయన, కదలకుండా.

"నాది బడిలో రాయించిన లెక్కండి. మా నాన్న తగ్గించీసేడు. అసలు డెబ్బై ఒకటి."

"నాదీ బడి లెక్కేనండి. అమ్మ సెప్పిన పెకారం డెబ్బై మూడు!"

నేనూరుకుంటానా? "ఈ రోడ్డు ఏసినప్పుడు మా మావయ్య చూశాడండి. అప్పటికే ఆయనకి పెళ్లయింది!" అన్నాను.

బస్సంతా ఘొల్లుమంది. పెద్దాయన నవ్వుతూ జరిగి, ఇద్దరి సీట్లో మూడో మనిషికి చోటు చేశారు. కోటవురట్ల వచ్చేసరికి వాళ్లిద్దరూ ఏ మోకాలికి ఏ నూనె మంచిదో తేల్చుకుంటున్నారు. మావయ్య అంత హాయిగా కూర్చోవడం నేను చూడలేదు. ఈ దారిలో వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే: వయసు దాచుకుంటే నిలబడే ప్రయాణం చెయ్యాలి.

సరిగ్గా అప్పుడే పక్క సీట్లోంచి ఒక అమ్మాయి లేచింది. "తాతగారూ, మీరూ కూకోండి."

వెనక్కి చూశాను. వెనక నిలబడ్డవాళ్లంతా కుర్రాళ్లే. నాకు నలభై ఎనిమిది. మావయ్య గుండు కదిలిపోయేలా నవ్వుతున్నాడు.

కూర్చున్నాను.

"ఎలగుందిరా అల్లుడూ?"

"కిటికీ పక్క సీటు మావయ్యా. గాలి బాగుంది."