పంచరక్కని పుస్తకంలో పెట్టిన కథ

పంచరక్క నోటికి జడిసి ఆ వీధిలో కుక్కలు కూడా అవతలి పక్క నించి పోయేవని చెప్పుకునేవారు. అది శుద్ధ అబద్ధం. కుక్కలు హాయిగా ఆవిడ కొట్టు ముందే పడుకునేవి. అవతలి పక్క నించి పోయేది మనుషులు. అదీ, ముందురోజు ఆవిడ చేత ఓ మాట పడ్డవాళ్ళు.

సందు మలుపులో సైకిళ్ళకి పంచర్లు వేసే రేకుల షెడ్డు, నల్లబడిపోయిన నీళ్ళ తొట్టి, పైన వేలాడే పాత టైర్లు. ఇదీ ఆవిడ సామ్రాజ్యం. సైకిలు ట్యూబు తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూస్తూ, చూసినంతసేపూ మాట్లాడేది. చెయ్యాగినా నోరాగేది కాదు. చక్రానికి గాలి నిండిపోయాక కూడా మనుషులు అక్కడే నిలబడేవారు, చెబుతున్న కబురు ఇంకా పూర్తి కాలేదని.

ఆవిడకో చెల్లెలు. బక్కగా ఉండి, ఊరికే తల అటూ ఇటూ తిప్పుతుందని చిన్నప్పుడే అక్క దానికి 'పిచ్చుక' అని పేరు పెట్టింది. కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం చేసేంత పెద్దదయ్యాక కూడా ఆ పేరు వదల్లేదు. తల్లి పిచ్చుకని కని కన్ను మూసింది. తండ్రి, అంటే ఆ షెడ్డు అసలు యజమాని, పిచ్చుక ఇంకా అక్షరాలు దిద్దుకుంటున్నప్పుడు పోయాడు. అక్కకప్పటికి పట్టుమని పదహారేళ్ళు లేవు.

తండ్రి శవం ఇంట్లో ఉండగానే ఒకాయన గుమ్మంలోకొచ్చి, "పాపం, ఎలాంటి మనిషి! అది సరే, నా సైకిలు అయిందా?" అన్నాడట. అక్క కళ్ళు తుడుచుకుంది, సైకిలు తెచ్చి చేతికిచ్చింది. "మా నాన్న బిగించిన ఆఖరి బోల్టండీ ఇది. ఊడిందంటే మాత్రం నా దగ్గరికి రాకండి. పైకెళ్ళి ఆయన్నే అడగండి" అంది. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు మరిచిపోయి నోళ్ళకి చేతులడ్డం పెట్టుకున్నారు.

తర్వాత ఓ సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు తల్లి అక్క చేతులు తిప్పి చూసి, "ఈ నలుపు పోతుందా?" అని అడిగింది.

"చేతులదేముందండీ, కిరసనాయిలు పెట్టి రుద్దితే పోతుంది. మీ నోటికే ఏం పెట్టి రుద్దాలో తెలీట్లేదు" అంది అక్క. అంతే. మళ్ళీ ఆ గుమ్మంలోకి సంబంధమన్నది రాలేదు. అక్క దానికీ నవ్వింది.

ఇలాంటి అక్క చేతి కూడు తిని, ఇలాంటి కబుర్లు విని పెరిగిన పిచ్చుకకి, రాయాలన్న పురుగు తొలిచిందంటే ఆశ్చర్యమేముంది? షాపులో బేరం లేనప్పుడు కూర్చుని ఏదో ఒకటి గిలికేది. ఆ కాగితాలు చూసి అక్కే షెడ్డు దగ్గర అడిగింది ఒకరోజు.

"ఎవరెవరి గురించో ఎందుకే? నా గురించి రాయి."

"నిజంగా రాయనా?"

"రాయవే! ఉన్నదున్నట్టు రాయి. తిట్లతో సహా. అచ్చయ్యాక ఈ తొట్టి పక్కన కూర్చుని అందరికీ పైకి చదవాలి. నేను పోయాక ఎంత పొగిడితే ఏం లాభం? బతికుండగా వినాలి."

పిచ్చుక మాటిచ్చింది. ఇచ్చిన మాట కోసమే రచయితల వర్క్‌షాపులో చేరింది.

"వర్క్‌షాపా? అయితే స్పానర్లు పట్టుకెళ్ళు" అంది అక్క. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు.

వర్క్‌షాపు ఆదివారాలు, లైబ్రరీ మేడమీద గదిలో జరిగేది. నడిపేది ఓ పేరున్న మాస్టారు. వచ్చేవాళ్ళలో పళ్ళ డాక్టరమ్మ, రిటైరైన ఇంజనీరుగారు, ఇంకా అలాంటి చదువుకున్నవాళ్ళు ఓ పదిమంది. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో ఓ కుర్చీ. ఆ రోజు ఎవరి కథ చదివితే వాళ్ళు ఆ కుర్చీలో కూర్చోవాలి. చదవడం అయ్యాక మాత్రం నోరెత్తకూడదు. మిగతావాళ్ళు తిట్టినా, పొగిడినా, తప్పర్థం చేసుకున్నా సరే, కిక్కురుమనకూడదు.

"పుస్తకం కొన్న ప్రతివాడింటికీ వెళ్ళి నా ఉద్దేశం ఇదండీ అని చెప్పలేవు కదమ్మా? అందుకే ఇప్పట్నించే మౌనం అలవాటు చేసుకో" అన్నారు మాస్టారు. మాట నిజమే. నిజమైన మాట కాబట్టే పిచ్చుక దానికి కట్టుబడిపోయింది.

మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుని అక్క కథ చదివింది. బోల్టు మాట, కిరసనాయిలు మాట, అన్నీ అక్క నోట్లోంచి ఎలా వచ్చాయో అలాగే రాసింది. చదివేసి, మురిసిపోతూ తలెత్తింది.

"ఇలాంటి ఆడవాళ్ళు ఉంటారంటారా?" అన్నారు ఇంజనీరుగారు.

"తండ్రి పోయిన రోజున జోకులేంటండీ! నమ్మబుద్ధి కావట్లేదు" అంది పళ్ళ డాక్టరమ్మ.

"మాటలు ఎక్కువ, బాధ తక్కువ. గాయం ఎక్కడుంది?" అన్నారు మాస్టారు.

పిచ్చుకకి నాలుక దురద పెట్టేసింది. "జరిగిందండీ! నేనక్కడే..." అనబోయింది. మాస్టారు వేలెత్తారు. "జరిగుండొచ్చమ్మా. కానీ నీ కథలో జరగలేదు." అందరూ ఆహా అన్నట్టు తలలూపారు. పిచ్చుక కూడా ఊపింది. చివర్లో ఆయన, "నీలో పదునుంది. ఇదంతా చెక్కేస్తే లోపల మంచి విగ్రహం ఉంది" అన్నారు. పిచ్చుక రాతని అప్పటిదాకా ఎవరూ మెచ్చుకున్నది లేదు. ఆ ఒక్క మాటా పట్టుకుని ఇంటిదాకా నడిచింది. ఎక్కాల్సిన బస్సు పక్కనించే వెళ్ళిపోయినా గమనించలేదు.

ఇక చెక్కడం మొదలైంది. ముందు బోల్టు మాట పోయింది. ఆ తర్వాత పెళ్ళికొడుకు తల్లి పోయింది. ఆవిడ స్థానంలో, మనసిచ్చి మోసం చేసిన ఓ కుర్రాడు వచ్చాడు. వాడి కోసం అక్క రోజూ సాయంత్రాలు ఎదురు చూసింది. నిజానికి సాయంత్రాలు అక్క ఎదురు చూసేది వేడి బజ్జీల కోసం.

ప్రతి ఆదివారం పిచ్చుక రాగానే అక్క అడిగేది.

"ఎంతవరకొచ్చానే? ఏం చేస్తున్నాను ఇవాళ?"

"ఇవాళా... కొంచెం ఏడుస్తున్నావు."

"నేనా! ఎందుకు? ఎవడేమన్నాడు?"

"ఎవరూ ఏమన్లేదులే. కథకి అలా కావాలిట."

"సరేలే, ఒక్కసారి ఏడిపించు. ముక్కు చీదించి మళ్ళీ లేపు. పనుంటుంది నాకు."

పిచ్చుక నవ్వేసి ఊరుకునేది. అప్పుడే చెప్పేసి ఉంటే పోయేది. పుండు చిన్నగా ఉన్నప్పుడే మందు రాయాలి.

అసలు దెబ్బ వానాకాలంలో తగిలింది. నాలుగోసారి తిరగరాసిన కథ చదివింది. అప్పుడు ఇంజనీరుగారు కుర్చీలోంచి లేచినంత పని చేశారు.

"అసలు ఈవిడ మాట్లాడకపోతే? మూగదైతే? ఎంత గొప్పగా ఉంటుందో చూడండి!"

"అబ్బ!" అంది పళ్ళ డాక్టరమ్మ, చెయ్యి గుండెల మీద పెట్టుకుని.

మాస్టారు కళ్ళు మూసుకుని, "దొరికింది" అన్నారు.

మధ్య కుర్చీలో పిచ్చుక చేతిలో కాగితాలు నలిపేసింది. మా అక్క మూగదా? ఆ నోరు లేకపోతే మేమిద్దరం ఏ వీధి పాలయ్యేవాళ్ళం? కానీ కుర్చీలో ఉండగా మాట్లాడకూడదు. సరే, అది నియమం. అది అయ్యాక టీ ఇచ్చారు. టీ దగ్గర ఏ నియమమూ లేదు. ఎంతైనా మాట్లాడొచ్చు. పిచ్చుక కప్పు పట్టుకుని ఇంజనీరుగారి దగ్గరికెళ్ళి, "చాలా గొప్ప సలహా ఇచ్చారండీ" అంది.

మూగదైన అక్క ఆఖరి పేజీలో లారీ కింద పడి చచ్చిపోయింది. పడే ముందు కూడా అరవలేకపోయింది. ఆ వాక్యానికి వర్క్‌షాపు మొత్తం చప్పట్లు కొట్టింది.

చివరి రెండు వారాలు పుస్తకం అచ్చు వేయించడం మీద పాఠాలు. పుస్తకాలు వేసే కంపెనీ నించి ఓ మేడమ్ వచ్చి అట్టలు, పేర్లు, అమ్మకాలు, అన్నీ వివరించింది. వర్క్‌షాపులో రాసిన కథలన్నీ కలిపి ఓ సంకలనం వేస్తున్నారు. దానికి పిచ్చుక కథ పేరే పెట్టారు, 'మూగ చక్రం' అని.

"ఇది నిజంగా జరిగిందా?" అని అడిగింది మేడమ్.

"మా సొంత అక్కండీ..." అంటూ పిచ్చుక ఇంకేదో చెప్పబోయింది.

"చాలు, చాలు! అది అట్ట వెనకాల వేద్దాం. నిజమంటే జనం రెండు కాపీలు ఎక్కువ కొంటారు." 'రచయిత్రి సొంత అక్క విషాద జీవితం' అని అచ్చయిపోయింది.

పుస్తకం విడుదల లైబ్రరీ కింది హాల్లో. అక్కకి చెప్పకుండా కానిచ్చేద్దామనుకుంది పిచ్చుక. కానీ వీధిలో అక్కకి తెలియని సంగతి ఉంటుందా? లైబ్రరీ తలుపు మీద అంటించిన కాగితం చూసి పాల వ్యాను డ్రైవరు చెప్పేశాడు. అక్క ఆ రోజు షెడ్డు మూసేసింది. తండ్రి పోయిన రోజున కూడా పూర్తిగా మూయని షెడ్డు. చేతులు కిరసనాయిలుతో, ఇసకతో తోమి, సబ్బుతో కడిగి, మళ్ళీ తోమి, కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది. తోడుగా వ్యాను డ్రైవర్నీ, పక్క కొట్టు చెప్పులు కుట్టే తాతనీ వెంటేసుకుని వచ్చింది.

పిచ్చుక స్టేజీ మీద నించి చూసింది. ఆఖరి వరసలో అక్క, దవడలు నొప్పెట్టేంత నవ్వుతో, చెయ్యి ఊపుతోంది.

మాస్టారు మైకు ముందుకొచ్చి కథ ఆఖరి పేజీ చదివారు. ఎంత బాగా చదివారో! హాల్లో ముక్కులెగబీల్చే చప్పుడు. లారీ దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు కూడా వణికింది. అక్క పక్కనున్న తాత చెవిలో ఏదో అడుగుతోంది. "ఎవరు తాతా, పాపం ఆ పిల్ల?" అనో ఏమో. పుస్తకం మూసి మాస్టారు అన్నారు:

"ఇది కల్పన కాదు. ఈ అమ్మాయి సొంత అక్క జీవితం. చెల్లెల్ని పెంచి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా రాలిపోయిన ఆ తల్లి కోసం అందరం లేచి, ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం."

కుర్చీలు కదిలాయి. హాలంతా లేచింది.

అక్క కూడా లేచింది. అందరూ లేచారు కదాని లేచి, తల వంచింది. అప్పుడు వ్యాను డ్రైవరు ఆవిడ చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పాడు. అక్క తలెత్తింది. స్టేజీ వైపు చూసింది.

పిచ్చుక నోరు తెరిస్తే చాలు. మా అక్క బతికే ఉందండీ, అదిగో, అక్కడ నిలబడిందండీ, అంటే చాలు. ఏ కుర్చీ నియమమూ లేదక్కడ. కానీ పక్కనే మాస్టారు కళ్ళు మూసుకుని నిలబడ్డారు. మేడమ్ కళ్ళు తుడుచుకుంటోంది. అట్ట వెనకాల అచ్చయి ఉంది. ఇప్పుడు అక్క బతికుందంటే కథ చచ్చిపోతుంది. పిచ్చుక తల వంచుకుంది. తన జన్మలో ఇంత పొడుగు నిమిషాన్ని చూడలేదు.

తలెత్తేసరికి ఆఖరి వరసలో ముగ్గురి కుర్చీలూ ఖాళీ.

ఇంటికెళితే తిడుతుందనుకుంది. తిట్టాలనే కోరుకుంది. అక్క తిట్లు తగిలితే తేలికైపోతుంది, ఎప్పుడూ అంతే. కానీ ఇంట్లో అన్నం వడ్డించి ఉంది, మీద మూత పెట్టి ఉంది. అక్క అటు తిరిగి పడుకుంది.

మర్నాడు, ఆ మర్నాడు కూడా అదే వరస. అడిగినదానికి ఊ, ఉహూఁ. పిచ్చుక ఏడ్చింది, కాళ్ళు పట్టుకుంది, పుస్తకం చింపేస్తానంది. "ఎందుకూ, బాగుందటగా" అంది అక్క.

ఆదివారం వచ్చింది. మాస్టారు ఫోన్ చేసి కొత్త బ్యాచి వాళ్ళతో అనుభవం పంచుకోమన్నారు. పిచ్చుక వెళ్ళకుండా షెడ్డుకెళ్ళింది. దూరం నించే అక్క గొంతు వినిపించింది. ఎవరి సైకిలో బోర్లా పెట్టి, ట్యూబు తొట్టిలో ముంచుతూ, ఏదో చెబుతోంది. చుట్టూ నలుగురైదుగురు. అప్పటికే ఒకడు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. పిచ్చుక కాళ్ళకి పరుగొచ్చింది.

అక్క ఆమెని చూసింది. చెబుతున్న మాట సగంలో ఆగిపోయింది.

"రండి" అంది. "కూర్చోండి."

పీట జరిపింది. చెల్లెల్ని మీరు అనడం ఆ వీధి ఎన్నడూ వినలేదు. తాత కుడుతున్న చెప్పు పక్కన పెట్టేశాడు.

"ఆపేశావేంటక్కా? చెప్పు" అంది పిచ్చుక, పీట మీద కూర్చుని. "నేనూ వింటాను."

అక్క ట్యూబు తీసి, తుడిచి, గరుకు కాగితంతో రుద్దడం మొదలెట్టింది.

"తర్వాతేం చేశాడక్కా, ఆ పెద్దమనిషి?" అని అడిగాడు సైకిలాయన. తాత వద్దన్నట్టు చెయ్యి తిప్పాడు. అక్క చిల్లు మీద సొల్యూషను జిగురు పూసింది. ఆరేదాకా అందరూ అలా చూస్తూనే ఉన్నారు. అతుకు వేసి, సుత్తితో తట్టి, టైరు ఎక్కించి, గాలి కొట్టింది. పంపు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆఖరికి సైకిలు ఆయనకి అప్పగించి, ఇంకో సైకిలు లాక్కుని బోర్లా పెట్టింది.

పిచ్చుక ఆ పీట మీద చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచింది. సందు మలుపు తిరిగిందో లేదో, వెనకాల అక్క గొంతు మళ్ళీ మొదలైంది. ఆగినచోటి నించే అందుకుంది. కాసేపటికి అందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. మాటలు మాత్రం అంత దూరం వినిపించలేదు.