అన్నయ్యకి ఎదురెళ్ళిన సాయంత్రం

మొన్న మా మనవరాలు ఫోన్‌లో తన కొత్త అపార్ట్‌మెంట్ చూపించింది. జెర్సీ సిటీలో, నది ఒడ్డున, ఆకాశంలో వేలాడుతున్నట్టుండే అద్దాల మేడ. "అమ్మమ్మా, స్టేషన్‌కి జస్ట్ వాక్ చేస్తే చాలు. సూపర్ సేఫ్!" అంది. ఏ స్టేషన్ అని అడిగాను. అది చెప్పిన పేరు వింటూ స్టవ్ మీద పాల సంగతి మరిచిపోయాను. అవి పొంగి, మాడి, ఇల్లంతా కంపు కొట్టాకగానీ ఈ లోకంలోకి రాలేదు.

డెబ్భైల చివర, పెళ్ళయిన కొత్తలో, మేము కాపురం పెట్టింది ఆ ఊళ్ళోనే. మెట్లెక్కితే కిర్రుకిర్రుమనే చెక్క ఇంట్లో కింది వాటా మాది. పై వాటాలో తెనాలి నుంచి వచ్చిన దంపతులు ఉండేవారు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆయన్ని అన్నయ్య అనీ ఆవిడని వదినా అనీ పిలిచేదాన్ని. ఇండియాలో ఇంజనీరుగా పనిచేసి వచ్చిన అన్నయ్య, ఇక్కడ న్యూయార్క్‌లో ఎవరో వేసిన లెక్కలకి ప్లాన్ల బొమ్మలు గీసేవాడు. దర్జాకి మాత్రం లోటు రానిచ్చేవాడు కాదు. చెత్త బయట పెట్టడానికి దిగినా ఇస్త్రీ చొక్కా ఉండాల్సిందే. వదిన ఇన్సూరెన్స్ ఆఫీసులో టైపిస్టు. చీర మీద ఓవర్‌కోటు, కాళ్ళకి మంచు బూట్లు, నుదుట రూపాయంత బొట్టు. ఆ వేషంతో ఆవిడ వీధిలో నడుస్తుంటే అమెరికా ఈవిడ పుట్టిల్లేమో అనిపించేది.

తర్వాత మావారి ఉద్యోగం కోసం హ్యూస్టన్ వెళ్ళిపోయాం. ఎనభైలు ముగుస్తుండగా, ఒక నవంబరులో, నేను పనిచేసే ల్యాబ్‌వాళ్ళు ట్రెయినింగ్‌కి నన్ను న్యూజెర్సీ పంపారు. హోటల్‌లో దిగగానే వదినకి ఫోన్ చేశాను. సంబరపడుతుందనుకుంటే, "టాక్సీలో వచ్చి గుమ్మం ముందే దిగు. చీర కట్టుకోకు," అంది. వేళాకోళమనుకున్నాను. నేను చీరతో తిరగని సందుందా ఆ ఊళ్ళో!

టాక్సీ దిగేసరికి వాళ్ళ ముందుగది కిటికీకి అద్దం లేదు, చెక్క కొట్టి ఉంది. పోస్టు డబ్బా మీద వాళ్ళ పేరు లేదు. నేను అడక్కముందే వదిన చెప్పింది. కొన్నాళ్ళుగా కుర్రమూకలు మనవాళ్ళు కనిపిస్తే చాలు, తిడుతున్నారట, రాళ్ళు విసురుతున్నారట. "కింద మీ వాటాలోకి వచ్చిన గుజరాతీ ఆయన్ని స్టేషన్ నుంచి వస్తుంటే కొట్టారమ్మా. దవడ విరిగింది. ఇప్పటికీ జావ తాగుతున్నాడు." అందుకని సాయంత్రాలు ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ కలిసి స్టేషన్‌కి వెళ్ళి, మగవాళ్ళని గుంపుగా తీసుకొస్తున్నారు. గుంపు మీదికి రావడానికి ఆ కుర్రాళ్ళు జంకుతారట. పులుసు దించి, వదిన కోటు తొడుక్కుంది. "పద, మీ అన్నయ్యని తీసుకొద్దాం."

మేము వెళ్ళేసరికి చీకటి పడింది. భూగర్భ స్టేషన్ నుంచి పైకొచ్చే మెట్ల ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు చలికి కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. రైలొచ్చింది, ఎవరి మనిషి వాళ్ళకి దొరికాడు, అన్నయ్య లేడు. ఇంకో రైలొచ్చింది. అందులోనూ లేడు. గుజరాతీ ఆవిడ తామూ ఆగుతామంది గానీ, వాళ్ళాయన నిలబడలేకపోతున్నాడని వదినే బలవంతాన పంపేసింది. ఇద్దరమే మిగిలాం. ఎదురుగా పేవ్‌మెంట్ పక్కన ఒక కారాగింది. లోపల కుర్రాళ్ళు. రేడియో మోత. ఒకడు తన నుదుటి మీద వేలు పెట్టి చూపిస్తూ ఏదో అన్నాడు, మిగతావాళ్ళు పగలబడి నవ్వారు.

"వదినా, బొట్టు చెరిపెయ్యకూడదూ?" అన్నాను.

"బొట్టు చెరిపేస్తా సరే, మొహం ఎక్కడ దాచుకోను?" అంది ఆవిడ, మెట్ల వైపు నుంచి చూపు మరల్చకుండానే.

ఇంకో రైలు కూడా ఖాళీ అయ్యాక వదిన మొహం పాలిపోయింది. ఇంటికెళ్ళి ఆయన ఆఫీసుకి ఫోన్ చేద్దామంది. నడక మొదలుపెట్టాం. కారు కూడా మొదలైంది, మా పక్కనే, మా నడకంత నిదానంగా. "మీ దేశం పొండి!" అన్న అరుపుతోపాటు ఒక సీసా వచ్చి మా కాళ్ళ ముందు భళ్ళున పగిలింది. నేను పరిగెత్తబోయాను. వదిన నా మణికట్టు పట్టుకుంది. "పరిగెత్తకు. పరిగెత్తితే తరుముతారు." గాజుపెంకుల మీదుగానే నడిపించింది. దీపాలున్న బట్టల కొట్టు ముందుకొచ్చేసరికి, అక్కడ జనాన్ని చూసి కాబోలు, కారు రయ్యిన వెళ్ళిపోయింది.

ఇంటి తలుపు తీసింది అన్నయ్యే. లుంగీలో ఉన్నాడు. "ఎక్కడికెళ్ళారర్రా ఇద్దరూ, నాకు ఆకలేస్తుంటేనూ!" అన్నాడు నవ్వుతూ. మొదటి రైల్లోనే వచ్చాడట. హ్యూస్టన్ నుంచి వచ్చిన చెల్లెలి ముందు, బడి వదిలిన పిల్లాడిలా పెళ్ళాం వెంట నడవడం నామోషీ అనిపించి, స్టేషన్ వెనక ద్వారం మెట్లెక్కి సందుల్లోంచి ఇంటికొచ్చేశాడట.

వదిన సోఫాలో కూర్చుని బూటు విప్పింది. పగిలిన సీసా పెంకులు ఎగిరి బూటులోకి పడ్డాయి కాబోలు, మేజోడు పైభాగం నెత్తుటితో తడిసి ఉంది. అంత దూరం ఆ కాలితోనే నడిచిందని నాకూ అప్పుడే తెలిసింది. అన్నయ్య నవ్వు ఆగిపోయింది. దీపం దగ్గరికి లాక్కుని, నేల మీద కూర్చుని, ఆవిడ పాదం ఒళ్ళో పెట్టుకుని గాజుముక్కలు తీయసాగాడు.

"రేపట్నుంచి నువ్వొచ్చేదాకా మెట్ల దగ్గరే నిలబడతానే," అన్నాడు తల ఎత్తకుండా.

"నిలబడితే సరిపోదు," అంది వదిన. "చెయ్యూపాలి. ఆ ఓవర్‌కోట్ల గుంపులో నువ్వెవరో నాకెలా తెలుస్తుంది?"

అప్పటికిగానీ ఆవిడకి ఏడుపు రాలేదు. పులుసు చల్లారిపోయింది.

నేను హ్యూస్టన్ వచ్చేశాను. మరుసటి వేసవికి పోలీసు గస్తీ పెరిగిందనీ, ఊరు సద్దుమణుగుతోందనీ వదిన ఫోన్‌లో చెప్పింది. వాళ్ళు మాత్రం ఆ ఇల్లు వదల్లేదు. అన్నయ్య రిటైరయ్యేదాకా ఆ స్టేషన్‌లోనే దిగాడు. అప్పట్లో వాళ్ళిద్దరూ నా కంటికి పెద్దవాళ్ళు, అన్నీ తెలిసినవాళ్ళు. నిజానికి మా ముగ్గురిలో ఎవరికీ నలభై నిండలేదు. ఎంత చిన్నవాళ్ళమో నాకు తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.